మన కాగితం మనమే చదువుకుందాం
(సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





ఈ వేదిక మీద ప్రతి ఏడూ పిల్లల చదువు గురించి మాట్లాడుకుంటాం. స్కాలర్‌షిప్పులు, నోటు పుస్తకాలు, పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్నవారికి బహుమతులు. అవన్నీ జరగవలసినవే. ఈసారి కార్యదర్శి గారు మమ్మల్ని మాట్లాడమన్నప్పుడు, ఆ పిల్లల వెనక వరుసలో కూర్చున్న అమ్మానాన్నల చదువు గురించి చెప్పుకుంటామని అడిగాం. ఇంట్లో ఉర్దూ మాట్లాడుతూ, నాలుగు వైపులా తెలుగు ఉన్న ఊళ్ళో నలభై, యాభై ఏళ్ళు బతికి, తెలుగు అక్షరం చదవలేని పెద్దవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. మేము కొందరు ఉపాధ్యాయులం కలిసి మన కడపలో, మన సొసైటీ గదిలోనే వాళ్ళకు తెలుగు చెబుతున్నాం. అక్కడ మేము చూసినది, అక్కడి నుంచి మేము అడగదలచుకున్నది మీ ముందు పెడతాం.

బజారులో బేరం చేయడానికి సరిపడా తెలుగు మనందరికీ వచ్చు. కూరగాయలవాడితో, ఆటోవాడితో, పక్కింటివారితో ఇబ్బంది లేదు. ఇబ్బంది కాగితం దగ్గర మొదలవుతుంది. సచివాలయం నుంచి వచ్చిన నోటీసు, పొదుపు సంఘం తీర్మానాల పుస్తకం, ఇంటి దస్తావేజు, పోలీసు స్టేషనులో ఇచ్చే ఫిర్యాదు నకలు, రేషన్ షాపు ముందు అంటించిన జాబితా. ఇవన్నీ తెలుగులో ఉంటాయి. ఇవి చేతికి వచ్చినప్పుడు మనవాళ్ళు చుట్టూ చూస్తారు, చదివి చెప్పేవాళ్ళెవరైనా ఉన్నారా అని.

మా క్లాసుకు వచ్చే ఒక ఆపా భర్త పోయాక వితంతు పింఛను కోసం తిరిగింది. ఆ రోజుల్లో తెలిసినవాళ్ళు ఒకరు పింఛను దరఖాస్తు అని చెప్పి ఒక కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారు. అది ఇంకెవరో తీసుకున్న అప్పుకు జామీను కాగితం. ఏడాది తరువాత ఇంటికి నోటీసు వచ్చేదాకా ఆమెకు తెలియదు. ఆ నోటీసు కూడా ఆమె చదవలేకపోయింది. ఎనిమిదో తరగతి చదివే కొడుకు చదివి చెప్పాడు. తల్లి ఏడుస్తుంటే ఆ పిల్లవాడికి ఏం చేయాలో తోచలేదు.

పిల్లల చేత చదివించుకోవడం మన ఇళ్ళలో మామూలైపోయింది. దీనిలో నవ్వు తెప్పించే సంగతులూ ఉన్నాయి. ఒక అబ్బాయి ప్రోగ్రెస్ కార్డులో ఎర్రగీతలు గీసి ఉంటే, సారుకు బాగా నచ్చిన మార్కుల కింద ఎర్రగీత గీస్తారని తల్లికి చెప్పి సంతకం పెట్టించుకున్నాడు. ఆమె ఆ కార్డును పక్కింటివాళ్ళకు కూడా చూపించింది. నవ్వు తెప్పించనివి కూడా ఉన్నాయి. పదకొండేళ్ళ ఆడపిల్ల బడి మానేసి తల్లితో ఆసుపత్రికి వెళ్ళి, ఆడవాళ్ళకుండే బాధలు డాక్టరమ్మకు తెలుగులో విడమర్చి చెప్పాల్సి వచ్చింది. అమ్మ సగం దాచింది, పిల్ల సగం సిగ్గుపడింది. మిగిలినదే డాక్టరమ్మ చెవిన పడింది. భాష రాకపోతే పోయేది గౌరవం ఒక్కటే కాదు. ఒక్కోసారి ఆరోగ్యం, ఒక్కోసారి ఇల్లు.

ఇక్కడ మనకు తెలిసిన ఒక సంగతి గుర్తు చేసుకుందాం. మదీనాలో దైవప్రవక్త ముహమ్మద్ (స) తన ఉత్తరప్రత్యుత్తరాల కోసం ఇతరుల మీద ఆధారపడవలసి వచ్చినప్పుడు, జైద్ బిన్ సాబిత్ (రజి)ను యూదుల లిపి నేర్చుకోమని ఆదేశించారు. పక్షం రోజులు తిరగకముందే ఆయన నేర్చుకున్నారని, తరువాత ప్రవక్త (స) తరఫున ఉత్తరాలు రాసేవారని, వచ్చినవి చదివి వినిపించేవారని తిర్మిజీ హదీసు సంకలనంలో ఉంది. జైద్ (రజి) అప్పటికి చిన్న వయసులో ఉన్నారు, అసామాన్య ప్రతిభ గలవారు. పదిహేను రోజుల మాట మనం మన మీద పెట్టుకోనక్కరలేదు. కానీ కారణం చూడండి. మనకు వచ్చిన ఉత్తరం మన మనిషే చదవాలి, మన మాట మన మనిషే రాయాలి. మనం అడుగుతున్నదీ అంతే.

ఇలా చెప్పగానే మాకు ఎదురయ్యే మొదటి జవాబు, “ఇంత వయసులో మాకేం వస్తుంది టీచరమ్మా?” అని. చిన్నతనంలో రాని భాష పెద్దయ్యాక రాదని మనలో బలమైన నమ్మకం. ఇది సగమే నిజం. నెదర్లాండ్స్‌కు వచ్చి డచ్ భాష నేర్చుకుంటున్న ఇంగ్లీషువాళ్ళను కేథరిన్ స్నో, మరియన్ హోఫ్‌నాగెల్ హోలె అనే ఇద్దరు పరిశోధకులు ఏడాదిపాటు గమనించి 1978లో తమ ఫలితాలు ప్రకటించారు. మొదటి నెలల్లో వేగంగా నేర్చుకున్నది పన్నెండు, పదిహేనేళ్ళ మధ్య పిల్లలు, పెద్దవాళ్ళు. మూడు నుంచి అయిదేళ్ళ పసివాళ్ళు అందరికంటే వెనకబడ్డారు. కాలం గడిచేకొద్దీ పిల్లలు అందుకుంటారు, ఉచ్చారణలో మించిపోతారు కూడా. అయినా ఆరంభంలో వేగం పెద్దవాళ్ళదే. ఒక భాష ఎలా పనిచేస్తుందో వాళ్ళకు ముందే తెలుసు కాబట్టి.

దీనికి విదేశీ పరిశోధన కూడా అవసరం లేదు. మన మొహల్లాలోనే సాక్ష్యం ఉంది. యాభై, అరవై ఏళ్ళ ఖాలాలు తజ్వీద్ నేర్చుకోవడానికి వెళ్ళడం మీరంతా చూశారు. ఐన్, హా, ఖాఫ్, జ్వాద్ ఎక్కడెక్కడ పలకాలో, గొంతు ఎక్కడ బిగించాలో, నాలుక ఎక్కడ ఆనించాలో నెలల తరబడి సాధన చేసి సరిదిద్దుకున్నవాళ్ళు మన కుటుంబాల్లోనే ఉన్నారు. అరబ్బీ హల్లును పట్టుకున్న నాలుకకు తెలుగు ‘ళ’ అందదంటే మేము నమ్మం. అదే మనిషి, అదే వయసు, అదే నోరు.

మరి తేడా ఎక్కడుంది? తజ్వీద్ క్లాసులో తడబడితే ఎవరూ నవ్వరు. కష్టపడుతూ, తడబడుతూ ఖుర్‌ఆన్ చదివేవారికి రెండు ప్రతిఫలాలు ఉన్నాయని హదీసు మనందరికీ తెలుసు. అది ఖుర్‌ఆన్ పారాయణం గురించి చెప్పిన మాట. దాన్ని తెచ్చి తెలుగు వాచకానికి అంటగట్టడం మా ఉద్దేశం కాదు. కానీ తడబడే మనిషిని ఎలా చూడాలో ఆ మాట మనకు నేర్పింది. ఆ చూపు ఉన్నచోట అరవై ఏళ్ళ మనిషి కూడా నోరు విప్పుతాడు. అది లేనిచోట ముప్ఫై ఏళ్ళ మనిషి కూడా నోరు మూసుకుంటాడు. పెద్దవాళ్ళకు అడ్డం వస్తున్నది వయసు కాదు, సిగ్గు. మూడేళ్ళుగా ఆ గదిలో మేము తెలుసుకున్నది ఇదే.

ఈ సిగ్గు రెండు వైపులా ఉంది. కోస్తా పల్లెల్లో, మన జిల్లాలో కూడా, ఇంట్లో తెలుగే మాట్లాడే ముస్లిం కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వాళ్ళు ఉర్దూ నేర్చుకోవాలని నోరు తెరిస్తే, ఆడమగ తేడా తప్పిందని మనవాళ్ళే నవ్వుతారు. ఆ మనిషి మళ్ళీ మన దగ్గర ఉర్దూ మాట్లాడడు. మన తెలుగుకు బయటివాళ్ళు నవ్వితే నొచ్చుకునే మనం, తోటివారి ఉర్దూకు నవ్వడం న్యాయమేనా? పెద్దలు ఆలోచించాలి.

ఇక నేర్చుకునే పద్ధతి దగ్గరికి వద్దాం. పెద్దవాళ్ళకు అ, ఆ చార్టు గోడకు తగిలించి మొదలుపెట్టకూడదు. ఖాళీ పలక ముందు కూర్చున్న పసివాళ్ళు కారు వాళ్ళు. తమకు ఏమీ రాదని వాళ్ళు అనుకుంటారు గానీ, సగం తెలుగు వాళ్ళ నోట్లోనే ఉంది. దస్తావేజు, దరఖాస్తు, జమ, బాకీ, వసూలు, రసీదు, కిస్తీ, హక్కు, దాఖలు, నకలు, జప్తు, వకీలు, తహశీల్దారు, జిల్లా, రాజీనామా. ఇవన్నీ తెలుగు కాగితం మీద కనిపించే మాటలే. ఇవన్నీ మన ఇళ్ళలో మాటలే. అరబ్బీ, పారసీ నుంచి వచ్చి తెలుగులో స్థిరపడ్డాయి. ఆఫీసు కాగితం మీద ఇన్ని మాటలు తనకు ముందే తెలుసని గ్రహించిన రోజు, చదువరి ముఖం మారిపోతుంది.

తెలుగులో కలిసిపోయిన ఇలాంటి మాటలకు 1854లోనే ఒక నిఘంటువు అచ్చయింది. చేసినవారు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. దాన్ని మిశ్రభాషా నిఘంటువు అంటారు. ఆయన మన కడపకు 1820లో ఉద్యోగం మీద వచ్చారు. తెలుగు ఆయన తల్లిభాష కాదు. ఇంగ్లీషువారి ఇంట కలకత్తాలో పుట్టి, కుంపిణీ ఉద్యోగం కోసం యౌవనంలో తెలుగు మొదలుపెట్టారు. కడపలో బంగళా కొని, పండితులను జీతాలిచ్చి పెట్టుకుని, వాళ్ళను అడిగి అడిగి నేర్చుకున్నారు. తెలుగు, ఇంగ్లీషు నిఘంటువును 1852లో వెలువరించారు. ఆ బంగళా ఉన్నచోటే ఇవాళ ఆయన పేరిట భాషా పరిశోధన కేంద్రం ఉంది. మనలో చాలామంది దాని ముందు నుంచి రోజూ వెళుతుంటాం. బ్రౌన్ దొరకు డబ్బు, అధికారం, తీరిక ఉన్నాయి. మన ఆపాలకు లేవు. కానీ ఆయనకు లేనిది ఒకటి వీళ్ళకుంది. పుట్టినప్పటి నుంచి చెవిలో తెలుగు పడుతూనే ఉంది.

మన దక్కనీ ఉర్దూ కూడా వీళ్ళకు సాయం చేస్తుంది. “ఉనే కల్ ఆతూం బోల్‌కే బోల్యా” అంటాం మనం. తెలుగులో “వాడు రేపు వస్తానని చెప్పాడు” అంటారు. మాట పక్కన మాట పెట్టి చూడండి. ఉనే అంటే వాడు, కల్ అంటే రేపు, ఆతూం అంటే వస్తాను, బోల్‌కే అంటే అని, బోల్యా అంటే చెప్పాడు. వరుస మారలేదు. ఈ ‘బోల్‌కే’ వాడుక ఢిల్లీ, లక్నో ఉర్దూలో ఇలా ఉండదు. వందల ఏళ్ళు తెలుగు, కన్నడవారి పక్కన ఉండి మన భాష తెచ్చుకున్న నడక ఇది. బోర్డు మీద ఈ రెండు వాక్యాలు రాసిన రోజు ఒక చాచా, “అంటే మేము సగం తెలుగు వాక్యాలే మాట్లాడుతున్నామా?” అని ఆశ్చర్యపోయాడు.

కష్టమైన చోట్లు కూడా చెప్పాలి. ఉర్దూలో ఎ, ఒ పొట్టివి, ఏ, ఓ పొడుగువి అనే భేదం అర్థాన్ని మార్చదు. తెలుగులో మారుస్తుంది. మెడ వేరు, మేడ వేరు. నెల వేరు, నేల వేరు. ఇంట్లో మిషను కుట్టుకునే ఒక చెల్లి కొలతల పుస్తకంలో ‘మేడ 14’ అని రాసుకునేది. అది చూసిన గిరాకీ ఆమె నవ్విన దగ్గర నుంచి పుస్తకం దాచిపెట్టడం మొదలుపెట్టింది. మా దగ్గర ఆ రెండు మాటలూ పదిసార్లు పలికి, పదిసార్లు రాసింది. ఇప్పుడు జాకెట్టు మీద పెట్టే చీటీలు తనే రాస్తుంది. ఉర్దూ కుడి నుంచి ఎడమకు రాసే చేతికి ఎడమ నుంచి కుడికి రావడం వారం రోజుల పని. వత్తులు అక్షరం కింద వేలాడడం మాత్రం నెల పడుతుంది.

ఇంకొకటి, మేము, మనం. ఉర్దూలో రెండింటికీ ‘హమ్’ ఒక్కటే. తెలుగులో ఎదుటివారిని కలుపుకుంటే మనం, కలుపుకోకపోతే మేము. పక్కింటి తెలుగావిడతో, “రేపు మేము ఆసుపత్రికి పోదాం” అంటే ఆమెకు అర్థం కాదు, తను రావాలో వద్దో. అందరికంటే ఎక్కువ రోజులు పట్టే పాఠం ఇదే. రోజూ మా ప్రసంగాల్లో మేము, మనం అని తేలికగా అనేస్తాం గానీ, కొత్తగా నేర్చుకునేవాళ్ళు ప్రతిసారీ ఆగి, ఈ మాటలో ఎవరెవరున్నారు అని లెక్క చూసుకోవాలి. అది మంచి లెక్క. మనమందరమూ అప్పుడప్పుడు చూసుకోవలసిన లెక్క.

కొందరు మిత్రులు మమ్మల్ని అడుగుతారు. 2022లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాషగా చేస్తూ చట్టాన్ని సవరించింది కదా, మనం తెలుగు ఎందుకు నేర్చుకోవాలి, వాళ్ళనే ఉర్దూలో ఇమ్మందాం అని. హక్కు హక్కే. దాన్ని వదులుకోమని మేము అనడం లేదు. ఉర్దూలో కాగితం అడుగుదాం, ఉర్దూ బడులను కాపాడుకుందాం, ఇంట్లో పిల్లలతో ఉర్దూనే మాట్లాడుదాం. కానీ ఈ సాయంత్రం ఇంటికి వచ్చే నోటీసు తెలుగులోనే వస్తుంది. పైగా ఒక భాష వస్తే ఇంకో భాష పోదు. మా క్లాసులో తెలుగు నేర్చుకున్న ఒక ఖాలా, చిన్నప్పుడు ఖాయిదా వరకు చదివి వదిలేసిన ఉర్దూను ఇప్పుడు మళ్ళీ పట్టుకుంది. “ఒకటి వచ్చాక రెండోది భయపెట్టలేదు” అంటుంది.

పెద్దవాళ్ళకు చదువు వస్తే ఏమవుతుంది అనుకునేవారికి నెల్లూరు జిల్లా దూబగుంటను గుర్తు చేస్తాం. 1990 తరువాత సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమంలో రాత్రి బడులకు వెళ్ళిన పల్లెటూరి ఆడవాళ్ళు, వాచకంలో సారా వల్ల సంసారం కూలిన సీతమ్మ కథ చదివి, ఇది మా కథే అనుకున్నారు. సారా దుకాణం మూయించారు. ఆ పట్టుదల జిల్లా దాటి రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం అమలులోకి వచ్చింది. వాళ్ళు తల్లిభాషలో అక్షరాలు నేర్చారు, మనవాళ్ళు పక్కభాషలో నేర్చుకోవాలి. కానీ తన బతుకు ఉన్న కాగితాన్ని చదివిన మనిషి ముందులా ఉండదు అనే సంగతి రెండు చోట్లా ఒకటే.

అందుకే మా క్లాసులో వాచకం ఎవరిది వారే తెచ్చుకుంటారు. రేషన్ కార్డు, కరెంటు బిల్లు, బ్యాంకు పాసుపుస్తకం, పొదుపు సంఘం పుస్తకం, పెళ్ళి శుభలేఖ. మొదటి వారం తన పేరు, ఇంటివాళ్ళ పేర్లు, వీధి పేరు. రెండో వారం నుంచి ఇందాక చెప్పిన దస్తావేజు, రసీదు మాటలు. ఆ మాటల్లోంచే అక్షరాలు. మాట్లాడుతున్నప్పుడు మధ్యలో ఆపి తప్పు దిద్దం. వాక్యం పూర్తయ్యాక సరైన వాక్యాన్ని మేము మామూలుగా ఒకసారి తిరిగి అంటాం. వాళ్ళే పట్టుకుంటారు. ఆడవాళ్ళకు వారానికి మూడు రోజులు, అసర్ తరువాత, మగ్రిబ్ లోపల. మగవాళ్ళకు ఇషా తరువాత. ఒక్కో క్లాసులో పన్నెండు మందికి మించనివ్వం. పిల్లలను లోపలికి రానివ్వం. తమ పిల్లల ముందు తడబడడం పెద్దవాళ్ళకు అన్నింటికంటే కష్టం.

ఇప్పుడు మా విన్నపం. మొదటిది, ఆ గదిని పెళ్ళిళ్ళ సీజనులో సామాను పెట్టుకోవడానికి తీసుకోకండి. గది ఖాళీ లేక నెల రోజులు క్లాసు ఆగితే తిరిగి వచ్చేవాళ్ళు సగమే. రెండోది, మీ ఇంట్లో తెలుగు చదవడం రాని పెద్దవాళ్ళు ఎవరున్నారో వాళ్ళను మీరే తీసుకురండి. బయట అడిగితే రాదని ఒప్పుకోరు, కళ్ళజోడు మర్చిపోయానంటారు. మూడోది, డిగ్రీలు చదివిన మన అబ్బాయిలు, అమ్మాయిలు వారానికి ఒక గంట ఇవ్వండి. డబ్బు ఇచ్చేవాళ్ళు మన సొసైటీకి ఎప్పుడూ తక్కువ కాలేదు, అల్హమ్దులిల్లాహ్. పక్కన కూర్చుని, నవ్వకుండా, తొందరపెట్టకుండా వినేవాళ్ళు కావాలి. సదఖా అంటే జేబులోంచి తీసేది ఒక్కటే కాదని మీకు మేము చెప్పనక్కరలేదు.

ఇందాక చెప్పిన ఆ జామీను కాగితం ఆపా సంగతి అడుగుతారేమో. ఆ తగాదా ఇంకా తేలలేదు. వకీలు దగ్గరికి ఆమే వెళుతోంది. పోయిన నెల వకీలు గుమస్తా ఒక వకాల్తా మీద సంతకం పెట్టమంటే, “ఉండండి, చదువుకోనివ్వండి” అని కుర్చీ లాక్కుని కూర్చుందట. ఒక్క పేజీకి చాలాసేపు పట్టింది. గుమస్తా విసుక్కున్నాడు. ఆమె చివరిదాకా చదివింది. తరువాత వేలిముద్ర వేయలేదు, సంతకం పెట్టింది.

మన ఊళ్ళో ప్రతి ఆపా, ప్రతి చాచా ఆ కుర్చీ లాక్కుని కూర్చునే రోజు రావాలని, అందుకు మన సొసైటీ సాయపడాలని, ఈ పని చేస్తున్నవారికీ చేయబోయేవారికీ అల్లాహ్ ఓపికను, చిత్తశుద్ధిని ప్రసాదించాలని దుఆ చేస్తున్నాం. ఆమీన్.